నాలుగు గీతల పొద్దు: ఒక్క కంజికి ఇన్ని పలుకులెందుకు?

‘క్యో వ ఫుత్సుక, నిచియోబి దెసు.’ ఈ రోజు రెండో తేదీ, ఆదివారం అని అర్థం. జపనీస్ తరగతిలో చేరిన నెల రోజులకే ఎవరైనా అనగలిగే వాక్యం ఇది. చెవికి ఇందులో చిక్కేమీ కనిపించదు. చిక్కు కాగితం మీద మొదలవుతుంది.

ఈ వాక్యాన్ని జపనీస్ లిపిలో రాస్తే ఒకే అక్షరం నాలుగుసార్లు వస్తుంది. నిలువుగా నిలబెట్టిన చిన్న పెట్టె, దాని మధ్యలో ఒక అడ్డగీత, అంతే దాని రూపం. ‘క్యో’లో అది ముందున్న అక్షరంతో కలిసిపోయి విడిగా వినిపించనే వినిపించదు. ‘ఫుత్సుక’లో అది చివరి ‘క’. ‘నిచియోబి’లో రెండుసార్లు ఉంది: మొదట ‘నిచి’, చివర ‘బి’. నాలుగు చోట్లా బొమ్మ ఒకటే, అర్థం దాదాపు ఒకటే, పలుకు మాత్రం చోటుకొకటి. జపాన్ పిల్లలు ఒకటో తరగతిలో నేర్చుకునే అక్షరం ఇది. మరి ఇదే ఇలా ఉంటే మిగతావాటి సంగతేమిటని కొత్తవాళ్లు బెదిరిపోవడంలో వింత లేదు.

బెదిరేవాళ్ల సంఖ్య పెరిగే రోజులు కూడా ఇవి. 2025 ఆగస్టులో భారత్, జపాన్ ప్రధానులు టోక్యోలో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం, ఐదేళ్లలో రెండు దేశాల మధ్య ఐదు లక్షల మందికి పైగా రాకపోకలు సాగించాలి. అందులో 50,000 మంది ఇక్కడి నుంచి జపాన్ వెళ్లే నిపుణులు, నైపుణ్యం సంపాదించబోయే యువత. వృద్ధుల సంరక్షణ వంటి పనులకు ఇచ్చే నైపుణ్య వీసాకు భాషా పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షకు కూర్చునే ప్రతి ఒక్కరికీ తొలి వారాల్లోనే ఈ పెట్టె ఎదురవుతుంది. ఈ ఒక్క అక్షరం చుట్టూ ఉన్న ముళ్లు విప్పితే, కంజి అనే లిపి ఎలా పనిచేస్తుందో చాలావరకు అర్థమవుతుంది.

కంజి పలుకును రాయదు, అర్థాన్ని రాస్తుంది

జపనీస్ రాతలో మూడు లిపులు కలగలిసి నడుస్తాయి. హిరగాన, కతకాన అనే రెండూ పలుకును రాసే లిపులు. ఒక్కోదానిలో మూల అక్షరాలు 46. వాటి వరుస ‘అ ఇ ఉ ఎ ఒ’తో మొదలై క, స, త, న... అంటూ సాగుతుంది. మన వర్ణమాలను తలపించే ఈ వరుస కాకతాళీయం కాదు. సంస్కృతాక్షరాలను అధ్యయనం చేసిన బౌద్ధ భిక్షువుల ద్వారా అక్కడికి చేరినదే.

మూడో లిపి కంజి, చైనా నుంచి వచ్చింది. నిత్య వ్యవహారానికి ప్రభుత్వం గుర్తించిన కంజిలు 2,136. ఈ పట్టిక 2010లో సవరించినది. ప్రాథమిక పాఠశాలలో నేర్పేవి 1,026, అందులో ఒకటో తరగతివి 80.

తెలుగువారికి అక్షరం అంటే శబ్దం. ‘క’ ఎక్కడున్నా ‘క’ అనే పలుకుతుంది. ఆ అలవాటుతో కంజిని చూసి ‘దీన్ని ఏమని చదవాలి?’ అని అడుగుతాం. ప్రశ్న సహజమే, కానీ ఆ ప్రశ్నలోనే పొరపాటుంది. కంజికి దగ్గరి పోలిక మన ‘క’ కాదు, మన అంకెలు. ‘5’ను మనం ఐదు అంటాం, హిందీవారు పాంచ్ అంటారు. అదే అంకెను తెలుగులోనే ‘5వ తరగతి’ అని రాసి ఐదో తరగతి అని చదువుతాం. ఇంకో అడుగు ముందుకు వేస్తే, కొట్టు చీటీ మీద ‘1/4 కిలో’ అని ఉంటే పావుకిలో అంటాం. ‘పావు’లో ఒకటీ లేదు, నాలుగూ లేదు. రెండు అంకెలు కలిసి వేరే మాటను సూచిస్తున్నాయి, ఆ మాట మనకు ముందే తెలుసు కాబట్టి తడుముకోకుండా చదివేస్తున్నాం. జపనీయులు కంజిని చదివేదీ ఇలాగే. పలుకు అక్షరంలో లేదు, వాళ్లకు తెలిసిన మాటలో ఉంది.

ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క సంగతికి విస్తరణే.

గుండ్రని సూర్యుడు పెట్టె ఎలా అయ్యాడు?

మూడు వేల ఏళ్ల కిందటి చైనాలో జోస్యం కోసం తాబేటి చిప్పల మీద, పశువుల ఎముకల మీద అక్షరాలు చెక్కేవారు. అప్పటి రూపాల్లో ఇది ఒక వలయం, దాని మధ్య ఒక చుక్క లేదా చిన్న గీత. సూర్యుడి బొమ్మే. గట్టి ఎముక మీద కత్తితో వంపు తిప్పడం కష్టం. అందుకని వలయం అప్పుడే మూలలు దేరింది. తర్వాత కుంచె చేతిలో చతురస్రమై, లోపలి చుక్క అడ్డగీతగా స్థిరపడింది.

రాసేటప్పుడు నాలుగే గీతలు. ముందు ఎడమ నిలువు గీత. తర్వాత పైగీత మొదలుపెట్టి కలం ఎత్తకుండా కుడివైపు కిందికి దించాలి. ఆపై మధ్య అడ్డగీత, చివరగా అడుగు గీత. లోపల సర్దాకే తలుపు మూసినట్టు, అడుగు గీత ఎప్పుడూ ఆఖరునే. నడుమ రెండు గీతలుంటే అది ‘కన్ను’ అవుతుంది, నెత్తిన చిన్న గీత ఉంటే ‘తెలుపు’ అవుతుంది. కొత్తలో ఈ మూడింటినీ తారుమారు చేయని వారు అరుదు.

పొద్దు అంటే సూర్యుడూ, రోజూ

ఈ అక్షరాన్ని తెలుగులో ఒక్క మాటలో చెప్పమంటే ‘సూర్యుడు’ అనో ‘రోజు’ అనో పుస్తకాలు చెబుతాయి. రెండూ సగం సగం. అచ్చంగా సరిపోయే మాట ‘పొద్దు’. పొద్దు పొడిచింది అన్నప్పుడు అది సూర్యుడు. పొద్దు పోయింది, పొద్దస్తమానం అన్నప్పుడు కాలం. పొద్దుతిరుగుడు పువ్వు తిరిగేది సూర్యుడి వైపు, పొద్దుపుచ్చేవాడు గడిపేది రోజును. జపనీస్‌లో ‘హి’ అనే దేశీయ పదం సరిగ్గా ఇదే పని చేస్తుంది.

‘హినొదె’ అంటే పొద్దుపొడుపు. ‘అసహి’ ఉదయపు ఎండ. ఆ పేరుతో ఒక పత్రిక, ఒక బీరు కూడా ఉన్నాయి. ‘యూహి’ అంటే సాయంత్రపు సూర్యుడు, ‘హికగె’ అంటే నీడపట్టు. ఇవన్నీ సూర్యుడి వైపు మాటలు. ఇక రోజు వైపు: ‘హిజుకె’ అంటే తేదీ, ‘హిగఎరి’ అంటే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణం, ‘హిగవరి’ అంటే రోజుకో రకం. మధ్యాహ్నం భోజనశాల ముందు పలక మీద ‘హిగవరి’ అని ఉంటే, ఆ పూట ప్రత్యేక భోజనం అన్నమాట. టోక్యోలో దిగిన ఉద్యోగికి మొదటివారంలోనే పనికొచ్చే మాట ఇది.

నీరు ఒక్కటే, జలాశయంలో మాత్రం జలం

ఇప్పటిదాకా చూసిన ‘హి’ జపనీస్ సొంత పదం. ఇలా దేశీయ పదంతో చదివే పద్ధతిని ‘కున్’ పఠనం అంటారు. చైనా నుంచి అక్షరంతో పాటు దిగుమతి అయిన పలుకుతో చదివితే అది ‘ఒన్’ పఠనం. పాఠ్యపుస్తకాలు ఈ విభజనను ఏదో పరాయి విచిత్రంలా పరిచయం చేస్తాయి. నిజానికి తెలుగువారికి ఇది ఇంటి విషయం.

దాహం వేస్తే నీరు అడుగుతాం, జలం అడగం. కానీ నీరు నిలిచే పెద్ద చోటు జలాశయం, నీరు దూకే చోటు జలపాతం. విడిగా ఉన్నప్పుడు దేశ్యపదం, సమాసంలో సంస్కృత పదం. మనం ‘నీరు’, ‘జల’ అని వేర్వేరుగా రాస్తాం కాబట్టి ఇబ్బంది లేదు. ఒకవేళ రెండింటికీ ఒకే బొమ్మ ఉండి ఉంటే? దాహం వేసినచోట దాన్ని ‘నీరు’ అనీ, ఆశయం పక్కన ఉన్నచోట ‘జల’ అనీ చదవాల్సి వచ్చేది. చిన్నప్పటి నుంచీ మాటలు తెలిసిన మనకు అదీ కష్టమనిపించేది కాదు. కష్టమంతా మాటలు రాకముందే బొమ్మ నేర్చుకునేవాడిది.

పొద్దు అక్షరం విడిగా ఉంటే ‘హి’. సమాసంలో సాధారణంగా ‘నిచి’: ‘మయినిచి’ అంటే ప్రతిరోజు, ‘ఇచినిచి’ అంటే ఒక రోజు, ‘నిచిజో’ అంటే దైనందినం. వెనుక వచ్చే హల్లును బట్టి ఈ ‘నిచి’ కుంచించుకుపోయి ద్విత్వంలో కలిసిపోతుంది. దినచర్య రాసుకునే పుస్తకం ‘నిక్కి’, సూర్యకాంతి ‘నిక్కో’.

ఇక్కడ మరో మెలిక. ‘క్యూజిత్సు’ అంటే సెలవు రోజు, ‘హేజిత్సు’ అంటే పనిదినం, ‘షుకుజిత్సు’ అంటే ప్రభుత్వ పండుగ సెలవు. వీటన్నిటి చివర ఉన్నదీ అదే అక్షరం, పలుకు మాత్రం ‘జిత్సు’. ‘నిచి’, ‘జిత్సు’ రెండూ చైనా నుంచి వచ్చినవే అయితే ఇంత తేడా ఎందుకు? ఎందుకంటే ఒకే మాట రెండుసార్లు వచ్చింది. ‘నిచి’ ముందు తరం, దక్షిణ చైనా ఉచ్చారణతో వచ్చింది. తర్వాత తాంగ్ రాజ్యకాలంలో జపాన్ రాయబారులు, భిక్షువులు రాజధాని చాంగాన్ వెళ్లారు. అప్పటికి అక్కడ పదం మొదటి ‘న’కారం మారిపోయింది, ఆ కొత్త పలుకు ‘జిత్సు’గా జపాన్ చేరింది. పాతది పోలేదు, కొత్తది దాని పక్కన కూర్చుంది. మన ఆసుపత్రి, హాస్పిటల్ ఇలాంటి జంటే. మూలం ఒక్కటే, వచ్చిన దారీ కాలమూ వేరు. రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి. ‘ప్రభుత్వ ఆసుపత్రి’ అనడానికి అలవాటుపడిన నోరు కొన్ని పేర్ల వెనుక హాస్పిటల్ అనే అంటుంది. దానికి సూత్రం ఎవరు చెప్పగలరు?

‘నిచి’ ఎప్పుడు, ‘జిత్సు’ ఎప్పుడు అన్నదానికీ గట్టి సూత్రం లేదు. మాట మొదట్లో ఉంటే దాదాపు ఎప్పుడూ ‘నిచి’ వైపే మొగ్గు. చివర ఉండి, మాట కాస్త అధికారికంగా, నోటీసు బోర్డు ధోరణిలో ఉంటే ‘జిత్సు’కు అవకాశం ఎక్కువ. ఇది ఊహకు పనికొచ్చే ఆధారమే తప్ప నమ్ముకుని పరీక్ష రాయదగినది కాదు.

ఆదివారంలో రెండుసార్లు ఎందుకు?

‘నిచియోబి’ని విడదీస్తే ‘నిచి’, ‘యో’, ‘బి’. మొదటిది సూర్యుడు, రెండోది వారానికి సంబంధించిన జ్యోతిని సూచించే అక్షరం, చివరిది రోజు. అంటే సూర్యుడి వారపు దినం. మన ఆదివారంలోని ‘ఆది’ కూడా ఆదిత్యుడే. పోలిక ఇక్కడితో ఆగదు. సోమవారం అక్కడ చంద్రుడి రోజు. మంగళవారం ‘కయోబి’, అందులోని ‘క’ అంటే నిప్పు, ఎందుకంటే చైనీయుల లెక్కలో కుజుడు అగ్ని గ్రహం. బుధుడు నీరు, గురువు చెట్టు, శుక్రుడు లోహం, శని మట్టి. వరుస అచ్చంగా మనదే.

గ్రహాల పేర్లతో వారాలు లెక్కించే పద్ధతి పడమటి నుంచి భారతదేశం చేరి, ఇక్కడి నుంచి బౌద్ధ జ్యోతిష గ్రంథాల్లో చైనాకు వెళ్లింది. ఎనిమిదో శతాబ్దంలో బౌద్ధ పండితుడు అమోఘవజ్రుడు చీనీ భాషలోకి తెచ్చిన అటువంటి గ్రంథాన్ని జపాన్ భిక్షువు కూకై 806లో తన దేశానికి తీసుకెళ్లాడు. శతాబ్దాల పాటు అది పంచాంగకర్తల విద్యగానే ఉండిపోయింది. 1873లో జపాన్ గ్రెగోరియన్ కాలెండరుకు మారి, 1876లో ప్రభుత్వ కార్యాలయాలకు ఆదివారం సెలవు ఇచ్చాకే ఈ పేర్లు జనం నోట స్థిరపడ్డాయి.

ఇక ‘హి’ కాస్తా ‘బి’ ఎందుకైంది? సమాసంలో రెండో పదం మొదటి పరుషం సరళమయ్యే ఈ మార్పును ‘రెందకు’ అంటారు. ‘క’ ‘గ’ అవుతుంది, ‘త’ ‘ద’ అవుతుంది. పేరు కొత్తదే గానీ సంగతి మనకు కొత్త కాదు. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. గసడదవాదేశమని బడిలో బట్టీపట్టినదే. ‘హి’కి ‘కస’ అంటే గొడుగు కలిస్తే ‘హిగస’, ఎండగొడుగు. ‘హిగఎరి’, ‘హిగవరి’లోని ‘గ’లు కూడా ఇలా పుట్టినవే. ‘హ’ ‘బ’ కావడం మాత్రం వింతగా అనిపిస్తుంది. పాత జపనీస్‌లో ఆ ‘హ’ స్థానంలో ‘ప’ ఉండేదని గుర్తుంటే వింత తీరిపోతుంది.

అయితే పోలికను అతిగా సాగదీయకూడదు. మనకు ద్వంద్వ సమాసంలో ఈ మార్పు బాగా కనిపిస్తుంది: అన్నదమ్ములు, కాలుసేతులు. జపనీస్‌లో సరిగ్గా ద్వంద్వమే దీన్ని అడ్డుకుంటుంది. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసిన మాట ‘ఒయకొ’, అది ‘ఒయగొ’ కాదు.

‘తంజోబి’ అంటే పుట్టినరోజు. ఇందులో ‘తంజో’ చైనీస్ పలుకు, ‘బి’ దేశీయ పలుకు. తెలుగు వ్యాకరణకర్తలు వైరి సమాసమని ముఖం చిట్లించే రకం. జపనీయులు ముఖం చిట్లించరు, కేకు కోస్తారు.

నాలుగో తేదీ ‘యొక్క’, పదో తేదీ ‘తోక’

నేర్చుకునేవారిని ఎక్కువగా ఏడిపించేది తేదీలే. పదకొండు నుంచి దాదాపు అన్నీ సాఫీగా అంకె పక్కన ‘నిచి’ చేర్చుకుంటాయి. రెండు నుంచి పది వరకు మాత్రం దేశీయ సంఖ్యలకు ‘క’ తగిలించుకుంటాయి. ఈ ‘క’ రోజు అనే అర్థంలో పాతకాలపు పదం. ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు, తేదీల్లో మాత్రం శిలాజంలా మిగిలింది. కాలెండరును ‘కొయొమి’ అంటారు. రోజులు లెక్కించడం అనే అర్థంలో ‘క’, ‘యొమి’ కలిసి ఏర్పడిన మాటగా దాన్ని వివరిస్తారు.

రెండో తేదీ ఫుత్సుక, మూడు మిక్క, నాలుగు యొక్క, ఐదు ఇత్సుక, ఆరు ముఇక, ఏడు ననొక, ఎనిమిది యోక, తొమ్మిది కొకొనొక, పది తోక. నవ్వినా ఫరవాలేదు, నవ్వితే మరచిపోరు. పైగా ఇక్కడ తెలుగు చెవికి ఒక లాభముంది. నాలుగుకూ ఎనిమిదికీ తేడా ‘యొక్క’, ‘యోక’ల మధ్య తేడా మాత్రమే. హ్రస్వ ఒకారం, ద్విత్వ కకారం ఒకవైపు. దీర్ఘ ఓకారం, ఒంటి కకారం ఇంకోవైపు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఇది పట్టుకోవడానికి నెలలు కష్టపడతారు. మనకు ఒ, ఓలు వేరు అక్షరాలే, ఒత్తులు ఉగ్గుపాలతో వచ్చినవే. దేవనాగరిలో రాసుకునేవారికి కూడా ఇంత తేలికగా రాసే వీలు లేదు.

పదునాలుగు, ఇరవై నాలుగు మళ్లీ ‘యొక్క’తోనే ముగుస్తాయి. ఇరవయ్యో తేదీ ‘హత్సుక’. ఇవన్నీ మినహాయింపులని పుస్తకాలంటాయి. కానీ అవి గతంలో మామూలు మాటలే. పాడ్యమి, విదియ, తదియ, చవితి అని మనం అనడంలోనూ అంకెలు బయటికి కనిపించవు. తృతీయ నలిగి తదియ అయింది, చతుర్థి అరిగి చవితి అయింది. రోజూ నోట నలిగే మాటే అరుగుతుంది.

ఒకటో తేదీ ఇంకా అందమైన సంగతి. ‘త్సుఇతచి’లో ఒకటీ వినపడదు, ‘క’ కూడా వినపడదు. ‘త్సుకి’ అంటే చంద్రుడు, నెల. ‘తచి’ అంటే పైకి లేవడం, కనబడడం. పాత జపాన్‌లో నెల అమావాస్యతో మొదలయ్యేది కాబట్టి ఒకటో తేదీ అంటే నెలపొడుపు. తెలుగులో కూడా ‘నెల’ చంద్రుడే, మాసమూ అదే. మన మాసం సైతం అమావాస్య మరునాడే మొదలవుతుంది. ఈ మాటను అర్థం చేసుకోవడానికి మనకు నిఘంటువు అక్కర్లేదు. మూడో రోజు చంద్రుడు ‘మికజుకి’, అంటే నెలవంక.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ‘ఒకటి’ అక్షరం పక్కన పొద్దు అక్షరం ఉంది. ఏమని చదవాలి? మే నెల పక్కన ఉంటే ‘త్సుఇతచి’, ఒకటో తేదీ. మందుల సంచి మీద ‘మూడుసార్లు’ అనే మాటకు ముందు ఉంటే ‘ఇచినిచి’, రోజుకు మూడుసార్లు. అక్షరాలు రెండుచోట్లా అవే. ఏ పట్టిక బట్టీపట్టినా ఈ ప్రశ్నకు జవాబు రాదు, చుట్టూ ఉన్న వాక్యమే చెప్పాలి.

ముక్కలుగా విడదీయలేని మాటలు

‘క్యో’ అంటే ఈ రోజు. ‘కినో’ నిన్న, ‘అషిత’ రేపు. మూడూ రెండేసి అక్షరాలు, మూడింటిలోనూ రెండోది మన పెట్టే. ‘క్యో’లో ఏ ముక్క ‘ఈ’, ఏ ముక్క ‘రోజు’? ఏదీ కాదు. ఇది పావుకిలో కథే. దేశీయ మాట ముందు ఉంది, దాని అర్థానికి తగిన రెండు అక్షరాలను తెచ్చి మొత్తంగా మీద కప్పారు.

ఈ మాటలకు చైనీస్ పలుకులు కూడా ఉన్నాయి, పూర్తిగా పోలేదు. ఈ రోజు అనే మాటనే ‘కొన్నిచి’ అని చదివితే నేటి కాలం అనే గంభీరమైన అర్థం వస్తుంది. అందరికీ తెలిసిన ‘కొన్నిచి వ’ పలకరింపు అందులోంచే వచ్చింది. ‘ఈ రోజైతే...’ అని మొదలుపెట్టి మిగతాది మింగేసిన వాక్యమది.

దేశం పేరు విషయంలో కూడా వివాదం

సూర్యుడికి ‘మూలం’ అనే అక్షరం చేరిస్తే జపాన్. పొద్దు పుట్టే చోటు. చైనా వైపు నుంచి చూస్తేనే అది పొద్దు పుట్టే చోటవుతుందన్నది గమనించాలి. 607లో జపాన్ ఆస్థానం చైనాను ఏలుతున్న సుయి వంశ చక్రవర్తికి పంపిన లేఖ ‘పొద్దు పొడిచే దేశపు పాలకుడు పొద్దు కుంకే దేశపు పాలకుడికి’ అని మొదలైందని, అది చక్రవర్తికి రుచించలేదని చైనా రాజచరిత్ర చెబుతుంది.

దీన్ని ‘నిహొన్’ అనాలా, ‘నిప్పొన్’ అనాలా? నోట్ల మీద, తపాలా బిళ్లల మీద నిప్పొన్ అని ఉంటుంది. మాటల్లో నిహొన్ ఎక్కువ. ఒకే అక్షరాలతో రాసే వంతెన పేరు టోక్యోలో నిహొన్‌బషి, ఒసాకాలో నిప్పొన్‌బషి. ఒకటే ఖాయం చేయాలనేవారికి దేశం పేరు రెండు రకాలుగా ఉండడం చిన్నతనంగా తోస్తుంది. అవసరం లేదనేవారు వాడుకే ప్రమాణమంటారు. 2009లో మంత్రివర్గం రెండూ విస్తృతంగా వాడుకలో ఉన్నందున ఒకదానికి పరిమితం చేయనక్కర్లేదని తేల్చింది.

తెలుగు పత్రికల మార్కెట్ పేజీలో కనిపించే ‘నిక్కీ’ సూచీలోని ‘ని’ కూడా ఇదే. జపాన్ ఆర్థిక దినపత్రిక పేరును కుదించగా వచ్చిన మాట అది. అంటే జపనీస్ ఒక్క ముక్క రానివారు సైతం ఈ అక్షరాన్ని ఏళ్లుగా చదువుతూనే ఉన్నారు.

ఎలా నేర్చుకోవాలన్న దానిపై మూడు వాదనలు

మొదటి వర్గం రూపం, అర్థం ముందు అంటుంది. పలుకుల జోలికి పోకుండా ప్రతి అక్షరానికీ ఒక కీలక పదం, ఒక కథ అల్లుకుని వందల కంజిలు గుర్తుపట్టడం వీరి పద్ధతి. పొద్దు అక్షరం ఇందుకు బాగా లొంగుతుంది. పక్కన చంద్రుడు చేరితే ‘వెలుతురు’, నీలిరంగు చేరితే ‘తేటగా ఉన్న ఆకాశం’. ‘సమయం’ అనే కంజిలోనూ ఎడమ పక్కన ఈ పెట్టె ఉంటుంది. కథల్లో అపాయం ఏమిటంటే అవి చరిత్ర అనిపించుకుంటాయి. ‘తూర్పు’ అక్షరాన్ని చెట్టు వెనుక నుంచి పొడిచే సూర్యుడని ఎన్నో పుస్తకాలు చెబుతాయి. పురాతన రూపాలు చూసిన పండితులు అది రెండు కొసలా కట్టిన సంచి బొమ్మ అంటారు. గుర్తుంచుకోవడానికి కథ మంచిదే, నిజమని వాదించకుంటే చాలు. ఈ పద్ధతికి ఉన్న అసలు లోటు వేరు: నెలల తర్వాత కూడా ఒక్క వాక్యం పైకి చదవలేరు.

రెండో వర్గం పలుకుల పట్టిక బట్టీపట్టమంటుంది: నిచి, జిత్సు, హి, క. పరీక్ష దృష్టితో చూస్తే పొందికగా ఉంటుంది. కొన్ని అక్షరాలకు ఇదే తగిన దారి. రైల్వే స్టేషన్‌ను సూచించే కంజికి ‘ఎకి’ అనే ఒక్క పలుకే ఉంది, దానికోసం పది మాటలు పోగేయడం దండగ. కానీ పొద్దు దగ్గర పట్టిక చేతులెత్తేస్తుంది. ‘క్యో’ ఆ పట్టికలోనే లేదు. ఉన్నవి ఎక్కడ వాడాలో పట్టిక చెప్పదు.

మూడో వర్గం మాటలతో మొదలుపెడుతుంది. ముందు మయినిచి, తంజోబి, క్యో నోటికి రావాలి, తర్వాతే అక్షరం. జపాన్ పిల్లలు చేసేదిదే. ఆరేళ్లకు బడికి వచ్చేసరికి మాటలన్నీ వాళ్ల నోట ఉంటాయి. ఫోనులో టైపు చేసేదీ పలుకు ఆధారంగానే. ‘క్యో’ అని కొడితే అక్షరాలు అవే వస్తాయి, పలుకు తెలియకపోతే రాయలేరు. దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. పెద్దవాళ్లకు ఆరేళ్ల సమయం లేదు. మాటలు వచ్చిన క్రమంలో అక్షరాలు తేలిక నుంచి కష్టానికి వెళ్లవు. జంటను బొమ్మగా గుర్తుపెట్టుకుని లోపలి అక్షరాన్ని చూడనివారూ ఉంటారు. అంతర్జాతీయ జపనీస్ పరీక్షకు 2010 నుంచి అధికారిక కంజి జాబితా ప్రకటించడం లేదు కాబట్టి, ఏ మాటలు ఎంచుకోవాలన్నదీ ప్రశ్నే.

ఈ వ్యాసకర్త మొగ్గు మూడోదాని వైపని చదువరులు ఈపాటికి పసిగట్టే ఉంటారు. అయినా మొదటివారి కథలను నేను వదులుకోను. నెలలు పట్టే ఏ పనికైనా కాస్త సరదా కావాలి. మొదలుపెట్టి మూడు రోజుల్లో మానేసేవాడిని జపనీస్‌లో ‘మిక్క బోజు’ అంటారు, మూడునాళ్ల సన్యాసి అని. మన ఆరంభశూరుడే. ఆ ‘మిక్క’లో కూడా మన పెట్టె ఉంది.

చివరగా మూసి ఉన్న షట్టరు మీద అంటించిన ఒక కాగితం. జపాన్‌లో వీధి వీధినా కనిపించేదే. ఐదు అక్షరాలు: ‘హొన్‌జిత్సు తేక్యూబి’. రెండోదీ ఐదోదీ మన అక్షరమే, ఒకచోట ‘జిత్సు’, ఒకచోట ‘బి’. మొదటి అక్షరం ‘హొన్’, దేశం పేరులో చూసిన ‘మూలం’. అంటే నిహొన్ అనే రెండక్షరాలనే తిరగేసి రాశారు. అటు తిప్పితే జపాన్, ఇటు తిప్పితే ‘ఈ దినం’. దుకాణానికి ఈ రోజు వారపు సెలవు.